ఎడమ పిక్కల కొత్త చప్పుడు

మా కుట్టు టీచర్ చనిపోయింది. ఈ ఒక్క ముక్క రాసేటందుకు నాకు మూడు కాగితాలు పాడైనయి. ఇయ్యాల్టికి పదహారు రోజులు. పదకొండు గంటల క్లాసుల మిషన్ మీదికెల్లి లేచి, "దమ్ము ఆడుతలేదు, కిటికీ తెరువుండ్రి" అన్నదంట. కిటికీ తెరిచే ఉన్నది. ఆ సంగతి ఎవరో చెప్పేలోపట కటింగ్ బల్ల పట్టుకొని కిందికి జారింది. ఆటోల ఎక్కించి బొగ్గు కంపెనీ దవాఖానకు తీస్కపోయిండ్రు. అక్కడ ఛాతి మీద ఒత్తిండ్రు, ఆక్సిజన్ పెట్టిండ్రు. ఏం కాలే.

నేను ఆ టైముకు గోదావరిఖని చౌరస్తల హుక్కులు, లైనింగు గుడ్డ కొంటున్న. ఫోన్ల "టీచర్ ఇంక లేదు" అంటే నాకు కోపమొచ్చింది. "లేకపోవుడేంది? పొద్దుగాలనే కదా, తెల్ల లైనింగు వద్దు, గోధుమ రంగుది తెమ్మని చెప్పి పంపింది" అని ఫోన్ చేసినామె మీద ఒర్రిన. ఆ గుడ్డ చేతుల పట్టుకొనే దవాఖానకు ఉరికిన. కండ్లతోని చూసినంక గూడ నమ్మలే. ముంజేతుల మీద చాక్‌పీసు పొడి అట్లనే ఉన్నది. ఇంక జర సేపైతే లేచి చేతులు కడుక్కుంటదనే అనిపించింది.

కాలనీల అందరు ఒక్కటే అడిగిండ్రు: "మళ్ళ తిరగబెట్టిందా?" ఎందుకంటే నాలుగేండ్ల కింద ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చి, కుడి రొమ్ము తీసేసిండ్రు. అందరికి తెలుసు. కాదు, తిరగబెట్టలే. నెల కింద చేసిన పరీక్షల ఏం లేదు. ఎడమ కాలుల నెత్తురు గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు ఎక్కిందంట. నాలుగేండ్లు ఒక దిక్కు చూసుకుంట కూసుంటే ఇంకో దిక్కుకెల్లి వచ్చింది.

టీచర్ అని రాస్తున్నగని నేను ఆమెను అక్కా అనే పిలిచేది. కంపెనీ క్వార్టర్ల మాది ఆమె పక్కిల్లే. బొగ్గు బాయిల పని చేసేటోళ్ళ ఇండ్లల్ల ఆడోళ్ళకు కుట్టుపని నేర్పే సెంటర్ ఒకటి కాలనీల ఉన్నది, దాంట్ల ఆమె టీచర్. నేను పెండ్లై వచ్చిన కొత్తల ఆమె దగ్గర చేరిన. మొదటి దినం ఒక జాకెట్ గుడ్డ ఇచ్చి కొయ్యమన్నది. నేను తెలివి చూపిద్దామని గబగబ కత్తెర వెట్టిన. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చింది. తిడతదనుకున్న. నోట్ల గుండు సూదులు పెట్టుకొనే, "కత్తెర వెట్టేదాక ఎంతన్న ఆలోచించు. వెట్టినంక ఆలోచించకు" అన్నది. సూదులు నోట్ల ఉన్నా మాట పొల్లు పోకుండ మాట్లాడేది. అది ఎట్లనో మాకెవ్వరికి రాలే.

తప్పు కుట్టి దాచుకునేటోళ్ళంటే మాత్రం ఆమెకు ఒళ్ళు మండేది. "కుట్టు విప్పుడు సిగ్గు కాదే, వంకర కుట్టు తొడుక్కొని తిరుగుడు సిగ్గు" అనేది. మస్తుమందిమి ఆ చేతి కింద బతుకు నేర్చుకున్నం. ఇయ్యాల నేను నాలుగు జాకెట్లు కుట్టి పిల్లల ఫీజులు కడుతున్ననంటే అది ఆమె పెట్టిన తిండే. ఈ మాట ఆమె ఉన్నప్పుడు ఒక్కసారి గూడ చెప్పలే.

క్యాన్సర్ బయటపడ్డ ఏడు మా బావ, అంటే ఆమె పెనిమిటి, హైదరాబాద్ల పెద్ద దవాఖానకు తోలుకపోయిండు. ఆపరేషన్ అయ్యింది, మందులెక్కించిండ్రు, రేడియేషన్ కరెంటు పెట్టిండ్రు. అన్ని అయినంక గోలీ రాసే దినం నేను గూడ పోయిన. ఆడోళ్ళ ముచ్చట, నాకేం అర్థమైతదని బావ బయట బెంచీ మీద కూసున్నడు. డాక్టరమ్మ మంచిగనే చెప్పింది. "అమ్మా, మీది ఆడవాళ్ళ హార్మోన్ తిని పెరిగే రకం గడ్డ. తీసేశాం. కానీ ఎక్కడో గింజంత మిగిలి ఉంటే? ఈ మాత్ర దానికి ఆ తిండి అందకుండా అడ్డం పడుతుంది. రోజుకొకటి, ఐదేళ్ళు."

ఇబ్బందులు గూడ దాచకుండ చెప్పింది. "ఒంట్లో సెగలొస్తాయి, చెమటలు పడతాయి, కీళ్ళు లాగుతాయి, చిరాకు పుడుతుంది. అవి ఓర్చుకోవచ్చు. మరీ ఎక్కువైతే చెప్పండి, ఏదో ఒకటి చేద్దాం. కానీ ఒక్క కాలే వాచినా, పిక్క పట్టేసినా, ఊపిరి అందకపోయినా, నెలసరి కాని రోజుల్లో రక్తం కనపడినా ఓర్చుకోవద్దు. అలా చాలా తక్కువ మందికే అవుతుంది. అయితే మాత్రం అదే రోజు ఆసుపత్రికి రావాలి." అక్క వింటలేదు. గోడకున్న క్యాలెండర్ చూస్తుంది. డాక్టరమ్మ అది కనిపెట్టి నా దిక్కు తిరిగింది. "నువ్వు గుర్తుపెట్టుకో అమ్మా" అన్నది. "పెట్టుకుంట మేడం" అని నేనన్న. బస్సుల వస్తుంటే ఆ నాలుగు మాటలు నోట్ల అనుకుంటనే వచ్చిన.

గోలీ మొదలైన రెండు నెలలకు సెగలు మొదలైనయి. అసలే ఎండకాలంల మా బొగ్గు కాలనీ పెనం తీరు ఉంటది. ఆమెకు లోపల ఇంకో పొయ్యి. క్లాసుల మాట్లాడుతుండంగనే మొఖం ఎర్రగయ్యేది, మెడ మీదికెల్లి చెమట కారేది. "సైరన్ మోగింది" అనేది. షిఫ్టు సైరన్ మోగితే బాయి మీద పని ఎట్ల ఆగుతదో గట్ల మేమంతా మిషన్లు ఆపి, పేపర్ కటింగులు పట్టుకొని విసురుడు మొదలువెట్టేది. రెండు నిమిషాలైనంక "షిఫ్టు దిగింది, కుట్టుండ్రి" అనేది. నవ్వుకుంటనే చేసేటోళ్ళం. ఆమె మాత్రం తడి తువ్వాల మెడ కిందికి దోపుకొని మళ్ళ మిషన్ తొక్కేది.

ఆమె తన జాకెట్ తానే మార్చి కుట్టుకున్నది. పాత మెత్తటి గుడ్డతోని సంచి కుట్టి, పత్తి నింపి, జాకెట్ లోపట జేబు పెట్టింది. వట్టి పత్తి అయితే పైకి లేస్తుందని లోపల ఇన్ని ఆవాలు పోసింది. బరువు సరిపోయింది. "చూడు, ఎవరన్న కనిపెడ్తరా?" అని అద్దం ముంగట అటిటు తిరిగింది. ఆ ముచ్చట ఎట్లనో పాకి, ఆపరేషనైన ఆడోళ్ళు ఆమెను ఎతుక్కుంట వచ్చుడు మొదలైంది. గోలేటి నుంచి ఒకామె, మందమర్రి నుంచి ఒక చెల్లె. ఆ మందమర్రి చెల్లె చిన్నది, ముప్పై ఐదు గూడ లేవు. ఆమెకు గూడ ఇదే గోలీ. ఒక్కరి దగ్గర గూడ కుట్టుకూలి తీసుకోలే. "ఈ కొలత నా ఒంటి మీద నేర్చుకున్న. దీనికి ఫీజేంది" అనేది.

రెండో ఏడు వచ్చేసరికి ఓపిక అయిపోయింది. పొద్దుగాల లేస్తే వేళ్ళు ముడుసుకపోయేవి. సూదిల దారం ఎక్కించుడు ఆమెకు కండ్లు మూసుకొని చేసే పని, అసొంటిది నన్ను పిలిచేది. బావ మీద ఊకె గయ్యిమనేది. ఒకరోజు పగటిపూట నేను పోయేసరికి గోలీల డబ్బ బల్ల మీద పెట్టుకొని కూసున్నది.

"మానేస్తనే ఇంక," అన్నది. "ఉన్న రోగం డాక్టర్లు తీసేసిండ్రు. లేని రోగానికి ఈ బాధ ఎందుకు పడాలె? ఇది మింగితే రోగం రాదని గ్యారంటీ ఏమన్న ఉన్నదా?"

"గ్యారంటీ లేదుగని, మింగకపోతే వచ్చే ఛాన్సు ఎక్కువని చెప్పింది కదక్కా."

"ఛాన్సు, ఛాన్సు. నీకేమున్నది, నీ ఒళ్ళు మంచిగున్నది. నేను ముసలి దాని తీరు లేస్తున్న. ఇట్ల ఇరవై ఏండ్లు బతుకుడు మంచిదా, మంచిగ ఐదేండ్లు బతికి పోవుడు మంచిదా, చెప్పు?"

అది నేను చెప్పే లెక్క కాదు. ఆమె ఒళ్ళు, ఆమె నొప్పి. కాని ఆమె లేకుండ ఆ సెంటర్, ఆ పక్కిల్లు తలుచుకుంటే నాకు భయమైంది. అందుకే గట్టిగ ఒర్రిన, ఏమొర్రిన్నో యాదికి లేదు. ఫస్ట్ షిఫ్టు దిగి అప్పుడే వచ్చిన బావ గడపల నిలబడి అంతా విన్నడు. బావ టింబర్‌మన్. భూమి లోపట బొగ్గు తీసినకాడ కప్పు కూలకుండ సపోర్టు పెట్టుడు ఆయన పని. మాట తక్కువ మనిషి. బూట్లు గూడ ఇడవకుండ చెప్పిండు.

"నేను బాయిల కొత్తగ జేరినప్పుడు కప్పుకు కర్రలే ఆనించేది. బరువు పడ్డకొద్ది కర్ర కటకట చప్పుడు చేస్తది. ఇనుపది వచ్చినంక చప్పుడు లేదు. మా పాతోళ్ళు ఏమంటరంటే, చప్పుడు చేసే కర్ర మోస్తున్నట్టు. దాన్ని నమ్మొచ్చు. నీ ఒళ్ళు చప్పుడు చేస్తుందంటే ఆ గోలీ లోపట బరువు మోస్తుంది."

అక్క డబ్బ మూతి తీసి ఆనాటి గోలీ మింగింది. "కత్తెర వెట్టినంక ఆలోచించొద్దని నేనే కదా చెప్పిన" అన్నది.

బావ చెప్పిన ఆ చప్పుడు మాట నాకు దొరికిన వజ్రం. ఇంకెప్పుడు ఆమె నొప్పి అన్నా నేను అదే చెప్పేది. సెగలొచ్చినయంటే, "చప్పుడు చేస్తుంది, పని చేస్తుందక్కా." మోకాళ్ళు గుంజుతున్నయంటే, "మోస్తుందక్కా." ఆమె గూడ అట్లనే అలవాటు పడ్డది. "ఇయ్యాల బొటనవేలుల చప్పుడు" అని నవ్వేది. తెలంగాణ కోసం బాయిలన్నీ బందువెట్టిన సమ్మెల, కాలనీ మొత్తం రోడ్డు మీద కూసున్నప్పుడు గూడ నీళ్ళ సీసా, గోలీ కొంగున కట్టుకొని వచ్చింది. "సమ్మె బొగ్గుకు, గోలీకి కాదు" అంటే పక్కనున్న ఆడోళ్ళంతా నవ్విండ్రు. నిజం చెప్తున్న, ఆ మాట వల్లనే ఆమె మిగిలిన రోజులు గోలీ తప్పియ్యలే. దాంతోని మేలు కాలేదని నేననలేను. రోగం ఒక్కనాడు తిరిగి రాలే.

ఇంక ఇప్పుడు ఆ ముచ్చట రాయాలె. దీని కోసమే కాగితాలు చింపింది.

ఆమె పోవుడుకు ఐదు రోజుల ముందు, శుక్రవారం. సెంటర్ల ఇద్దరమే ఉన్నం. స్కూలు యూనిఫారాల ఆర్డర్ ఉన్నది, వారం నుంచి ఆమె పొద్దందాక మిషన్ మీదికెల్లి లేస్తలేదు. కాలు చాపి ఒత్తుకుంట, "ఎడమ పిక్కల కొత్త చప్పుడే" అన్నది. నేను ఒక కాలర్ తిప్పుతున్న. తల గూడ లేపలే. "చెయ్యనీ అక్కా, పని చేస్తుంది" అన్న. "పెడలు తొక్కి తొక్కి పట్టేసి ఉంటది, ఇన్ని వేన్నీళ్ళు పోస్కో" అన్న. ఆమె సరేనన్నది. సోమవారం నాడు చెప్పు బిగుతైందని ఎడమ కాలుకు చెప్పు పట్టీ వదులు చేసుకున్నది. అది నేను చూసిన. చూసి, కొత్త చెప్పులు కొనమని ఎక్కిరించిన.

డాక్టరమ్మ చెప్పిన నాలుగు మాటలల్ల రెండు నా ముంగట్నే నిలబడ్డయి. ఒక్క కాలు. పిక్క. నాకు మతికి రాలే. మతికి రాకపోవుడు గూడ కాదు, ఇంకా ఘోరం. నొప్పి అంటే మంచి గుర్తని నాకు నేనే నేర్పుకున్న. ఓర్చుకునే నొప్పి, ఓర్చుకోవద్దన్న నొప్పి, రెండిటిని ఒక్క సంచిల ఏసి కుట్టేసిన.

ఆనాడు దవాఖానల డాక్టర్ చీర జరిపి కాళ్ళు చూసి, "ఈ కాలు ఎన్ని రోజుల నుంచి వాచింది?" అని అడిగిండు. బావ నా మొఖం చూసిండు. నేను "తెల్వదు సార్" అన్న. నాకు తెలుసు. అబద్ధమాడిన. శవం ముంగట నిలబడి అబద్ధమాడిన మనిషిని నేను. గోలేటిల కాపురమున్న అక్క బిడ్డ వచ్చినంక స్నానం పోసి, పెనిమిటి ఉన్న మనిషని కాళ్ళకు పసుపు రాసినం. కుడి కాలు బిడ్డ తీసుకున్నది, ఎడమ కాలు నాకు వచ్చింది. నా బొటనవేలు ఒత్తినకాడ గుంత పడి అట్లనే ఉండిపోయింది. నేను దాని మీద పసుపు నింపిన.

దినాలైనంక ఆగలేక ఆ డాక్టర్ దగ్గరికే పోయి అంతా చెప్పిన. "గోలీ చంపిందా సార్?" అని అడిగిన. ఆయన చిన్న వయసాయన, మంచిగ మాట్లాడిండు. "గోలీ వల్ల కావొచ్చు. కదలకుండ అన్ని గంటలు కూసునుడు వల్ల కావొచ్చు. రెండు కలిసి ఉండొచ్చు. క్యాన్సర్ తిరిగి రాకపోవుడు గూడ ఆ గోలీ వల్లనే కావొచ్చు. చాలామందికి లాభమే ఎక్కువ, అందుకే ఇస్తం. కాలు వాచిన రోజే వచ్చి ఉంటే," అని ఆపేసిండు. మంచోడు, అందుకే ఆపిండు. మిగిలింది నేను చదువుకోలేనా?

అటే సీదా బావ దగ్గరికి పోయిన. వాకిట్ల నులక మంచం మీద కూసున్నడు. శుక్రవారం సంగతి, చెప్పు సంగతి, అబద్ధం సంగతి, ఏది దాచకుండ చెప్పిన. కొడతడేమో అనుకున్న, కొడితే బాగుండు అని గూడ అనుకున్న.

"చప్పుడు చేసే కర్ర మోస్తున్నట్టు," అన్నడు. "అది సగం. చప్పుడు మారిందనుకో, కొత్త తీరు చప్పుడు వచ్చిందనుకో, చేతిల పనిముట్లు అక్కడనే పారేసి బయటికి ఉరకాలె. అది రెండో సగం. ఆ చప్పుడు ఉన్నదే అందుకు."

"అది మాకు చెప్పలేదు కదా బావా."

"బాయిల ఎవ్వలకు చెప్పే పని లేదు పిల్లా. దిగిన మొదటి దినమే తెలుస్తది. పైన ఉండేటోళ్ళకు తెల్వదని నాకు మతికి రాలే." అని తువ్వాలతోని మొఖం మూసుకున్నడు. "నువ్వొక్కదానివే కాదు" అన్నడు లోపల్నుంచే. ఆ మాటతోని నా తప్పు తగ్గలేదుగని, ఇంటికి నడిచి పోయేంత బలమొచ్చింది.

ఇది నా ఒక్కదాని కోసమే అయితే రాయకపోదును. నిన్న పొద్దుగాల మందమర్రి చెల్లె వచ్చింది. సెంటర్ల నేనొక్కదాన్నే ఉన్న. చేతుల గోలీల పట్టీ. కూసోమన్నా కూసోలే.

"నేను ఇది మానేస్తున్ననక్కా. టీచర్‌ను ఈ గోలీయే తిన్నదని మా కాడ అందరంటున్నరు. నాకిద్దరు పిల్లలు. ఆమె పానమే ఆగలేదంటే నాదేం ఆగుతది?"

మింగు అంటే రేపు ఏమన్న అయితే మళ్ళ నా నెత్తి మీదనే. మానెయ్యి అంటే ఆ గడ్డ తిరిగొస్తే అది గూడ నా నెత్తి మీదనే. తప్పించుకునే తొవ్వ లేదు. ఇసొంటి తూకం నాలుగేండ్లు అక్క ఒక్కతే మోసింది, మేము పక్కన నిలబడి జోకులేసినం.

"మానుడో మింగుడో నువ్వు నేను అనుకునేది కాదు చెల్లె," అన్న. "రేపు నేను గూడ వస్త, డాక్టర్‌ను అడుగుదాం. టీచర్ సంగతి మొత్తం చెప్పి అడుగుదాం. అప్పటిదాక ఆపకు. గోలీ ఆమెకు నాలుగేండ్లు కాపలా కాసింది. కాలు చెప్పింది మేమే ఇనలే. నేనే ఇనలే."

ఆమె నా మొఖం చూసింది. నేను బల్ల మీది టేపు తీసుకొని కింద కూసున్న. "చీర జర పైకనుకో" అన్న. మొదట సిగ్గుపడ్డది, తర్వాత కుర్చీల కూసొని రెండు కాళ్ళు బల్లపీట మీద పెట్టింది. కుడి పిక్కకు టేపు చుట్టిన, ఎడమ పిక్కకు చుట్టిన. రెండు ఒక్క కొలతే. ఏలుతోని ఒత్తి చూసిన, గుంత పడలే. నమ్మబుద్ధి కాక మళ్ళ చుట్టిన. "రెండు ఒక్క తీరే ఉన్నయి కదక్కా" అని ఆమె మెల్లగ అన్నది. ఉన్నయి అని నేనన్న. అని, ఎడమ కాలు చేతులల్ల పట్టుకొని అట్లనే కూసున్న.